బధిర విద్యార్థి – కళాశాల నిర్ణయము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



చెవులు వినబడని బిడ్డ పాఠశాల ముగించిన పిమ్మట తల్లిదండ్రుల నొక ప్రశ్న కలవరపెట్టును. బధిరుల కొఱకే వెలసిన కళాశాలకు పంపవలెనా? లేక యందఱితోపాటు సామాన్య కళాశాలకు పంపవలెనా? అమెరికాలో స్థిరపడిన మన కుటుంబముల కీ ప్రశ్న మఱింత దగ్గఱిది. ఏలయన నచ్చట రెండు మార్గములును తెఱచియున్నవి. కావున దీనినిగూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

వాషింగ్టను నగరమందలి గాలడెట్ విశ్వవిద్యాలయమునకు 1864వ సంవత్సరమున అబ్రహాం లింకను సంతకముతో పట్టములిచ్చు నధికారము లభించెను. నేడచ్చట బోధన అమెరికా సైగల భాషయందును, ఆంగ్లమునందును జరుగుచున్నది. అయినను 124 ఏండ్లవఱకు బధిరు డొక్కడును దాని యధ్యక్షపీఠము నెక్కలేదు. 1988 మార్చిలో పాలకమండలి మరల వినికిడిగల వారినే యెన్నుకొనగా, విద్యార్థులు ద్వారములు మూసి, వారము దినములు పోరాడి, కింగ్ జోర్డను గారిని ప్రథమ బధిరాధ్యక్షునిగా సాధించిరి. తమవంటివారి నడుమ చదివిన యువకు లెట్టి ధైర్యము నార్జింతురో దీనివలన తెలియుచున్నది.

సామాన్య కళాశాలయందు పాఠమును సైగలలో తెలుపు దుబాసి యున్నను, గంట కొట్టగానే యాతడు వెడలిపోవును. భోజనశాలలో నవ్వులు, వసతిగృహమున వాదములు బధిర విద్యార్థి కందవు. చదువులో సగము స్నేహములవలన గదా వచ్చును! బధిర కళాశాలలో నట్టి వెలితి యుండదు.

"లోకమంతయు వినువారిదే, వేఱుగా నుంచినచో బిడ్డ లోకమున కెట్లలవడును?" అని పెద్ద లడుగుదురు. ఈ శంక త్రోసిపుచ్చదగినది కాదు. విద్యార్థి కోరిన శాస్త్రమచ్చట లేకపోవచ్చును. ఇంజనీరింగు వంటి విద్యలు కోరువారికి రోచెస్టరు నగరమున మూడవ మార్గము గలదు. 1965వ సంవత్సరపు శాసనముచే నేర్పడి, 1968లో విద్యార్థులను చేర్చుకొనిన జాతీయ బధిర సాంకేతిక విద్యాసంస్థ, వినువారు చదువు పెద్ద విద్యాలయములోనే యొక భాగమై యున్నది. అచ్చట దుబాసీలును, పాఠములు వ్రాసియిచ్చువారును గలరు. బధిర మిత్రులును గలరు.

ఇచ్చటినుండి వెళ్లదలచువా రొక సంగతి మఱువరాదు. అమెరికా సైగల భాష వేఱు, భారతీయ సైగల భాష వేఱు. దానిని క్రొత్తగా నేర్వవలెను. ఆంగ్లము చదువుట, వ్రాయుట గట్టిపడవలెను. ఇక స్వదేశమునందు 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ కళాశాలలలో నూటికి 5 స్థానములకు తక్కువ కాకుండ వికలాంగులకు ప్రత్యేకించినది. స్థానము దొరకినంత మాత్రమున చాలదు. దుబాసి గలడా యని చేరుటకు ముందే యడిగి తెలిసికొనవలెను.

1880లో మిలాను నగరమున గూడిన విద్యావేత్తలు, దాదాపు అందఱును వినువారే, పాఠశాలలలో సైగలు కూడవని తీర్మానించిరి. తరతరముల బిడ్డలు దాని ఫలము ననుభవించిరి. 2010లో వాంకూవరు మహాసభ యాతీర్మానమును నిరాకరించి విచారము తెలిపెను. అడుగవలసినవారి నడుగకుండ చేసిన మేలు కీడుగా పరిణమించుట కింతకంటె నిదర్శనము వలదు.

కావున మా మనవి యిది. తల్లిదండ్రులు ముందుగా బిడ్డ సైగలను తాము నేర్చుకొని, ఆ బిడ్డతో నేరుగా మాటలాడవలెను. వీలయినచో రెండు విధముల కళాశాలలను చూపి, అచ్చటి బధిర విద్యార్థులతో ముచ్చటింపనీయవలెను. పిమ్మట నిర్ణయము విద్యార్థికే విడువవలెను. పోషకమహాశయులు విద్యార్థివేతన మిచ్చునపుడు "ఈ కళాశాలకే" యని షరతు పెట్టక, విద్యార్థి కోరిన మార్గమునకే యొసంగవలెను. ధనము మనది కావచ్చును, జీవితము విద్యార్థిది.