మన సరకును మోయు మూడవవాడు

(సంఘపు నెలసరి సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో మనము సాధారణముగా భాషను గూర్చియు, బిడ్డల చదువును గూర్చియు మాటలాడుకొందుము. నేడు కార్యదర్శిగారు వర్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. మేము మెట్రిక్యులేషను దాటి చదివినవారము కాము. అంగడిలో కూర్చుండి, నష్టపడి నేర్చుకొన్నదే మా విద్య. అట్టి నష్టములలో ఒకదానిని మీ యెదుట నుంచి, దాని వలన మనకందరకును కలుగు పాఠమును విన్నవింతుము.

మన పావగడ తాలూకా ఉనికి విచిత్రమైనది. తుమకూరు జిల్లాలోనిదే యైనను మూడు వైపుల ఆంధ్రదేశము చుట్టుకొనియున్నది. మన వేరుసెనగకు చళ్లకెర నూనె మిల్లులు, మన చింతపండునకు హిందూపురపు మార్కెట్టు, తక్కిన సమస్తమునకు బెంగుళూరు. తాతల నాటి నుండి మనకు ఇవియే దిక్కులు. పూర్వము ఎద్దుబండ్లపై బస్తాలు వేసికొని హిందూపురము రైలు స్టేషనునకు చేర్చెడివారు. బండివాడు మన ఊరివాడు. వాని యెద్దుల పేర్లు సైతము మనకు తెలియును. సరకు తడిసినచో మరునాడు మన అరుగు మీదికి వచ్చి సంజాయిషీ చెప్పుకొనెడివాడు. ఆనాడు కాగితముతో పని లేకపోయెను.

నేడు అట్లు కాదు. అమ్మువాడొకడు, కొనువాడొకడు, ఈ యిద్దరి నడుమ సరకును మోయువాడు మూడవవాడు. దీనినే ఇంగ్లీషున ‘థర్డ్ పార్టీ లాజిస్టిక్స్’ అందురు. పెద్ద కంపెనీలు బండిని మాత్రమే కాక గోడౌనును, సరకు లెక్కను, ప్యాకింగును సైతము ఈ మూడవవానికే అప్పగించుచున్నవి. 1976లో గదగు పట్టణమున విజయ సంకేశ్వరుగారు ఒకే లారీతో ప్రారంభించిన వ్యాపారము నేడు దేశమంతట వ్యాపించినది. మన తాలూకాలోనే చూడుడు. తిరుమణి ప్రాంతమున 13,000 ఎకరముల మేర వెలసిన 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2019 నాటికి పూర్తియైనది. లక్షల కొలది సౌరఫలకములు ఈ మెట్ట భూములకు లారీల మీదనే చేరినవి.

‘సొంత లారీ యుండిన మేలు గదా’ యని కొందరు మిత్రులు మమ్ము అడుగుదురు. లెక్క వేసి చూడుడు. సొంత లారీ నిండుగా పోయినను, తిరుగు ప్రయాణమున సరకు దొరకనిచో ఖాళీగా రావలెను. డ్రైవరు జీతము, ఇన్షూరెన్సు, టైర్లు, మరమ్మతులు సరకు ఉన్నను లేకున్నను తప్పవు. మనలో అనేకులకు ఒక్కొక్కసారి పది బస్తాలు, ఇరువది బస్తాలు మాత్రమే పంపవలసి యుండును. రవాణాదారుడు ఇట్టి చిన్న సరకులను పదిమంది వద్ద సేకరించి, ఒక గోడౌనున చేర్చి, ఊరి వారీగా విడదీసి, నిండు లారీగా పంపును. అందువలననే అతనికి లాభము, మనకు బాడుగ తక్కువ. కావున ఇతరుల చేత మోయించుట తప్పు కాదు. ఎవనిచేత, ఏ షరతులపై మోయించుచున్నామో తెలియకుండుటయే తప్పు.

ఆ తప్పు మేము చేసితిమి. కొన్ని యేండ్ల క్రిందట హైదరాబాదులోని ఒక వ్యాపారికి 40 బస్తాల వేరుసెనగ పప్పు పంపితిమి. బస్తా 50 కిలోలు. మొత్తము విలువ రెండు లక్షల రూపాయలు. బాడుగ నాలుగు వేలు. బుకింగు ఆఫీసువారు ఇచ్చిన ఫారమున చిన్న అక్షరములలో ఇంగ్లీషు వ్రాత నిండియుండెను. ఇంట తెలుగు, బడిలో కన్నడము, రసీదున ఇంగ్లీషు! చదువక సంతకము పెట్టితిమి. దారిలో లారీ మార్చునప్పుడు సరకు వానకు తడిసెను. బూజు పట్టిన పప్పును కొనువాడు త్రోసిపుచ్చెను. దానిని అయినకాడికి అమ్మగా 70,000 రూపాయలు వచ్చెను.

ఆఫీసువారు నేడు రేపు అనుచు ఐదు నెలలు గడిపిరి. మేమును ముఖపరిచయము చేత గట్టిగా అడుగలేదు. తుదకు ఒక వకీలుగారు చెప్పగా రెండు సంగతులు తెలిసినవి. మొదటిది: 1865 నాటి క్యారియర్ల చట్టమునకు బదులుగా 2007లో రోడ్డు రవాణా చట్టము చేయబడి, 2011లో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము, సరకు బుక్ చేసిన తేదీ నుండి 180 దినముల లోపల నష్టమును గూర్చి వ్రాతమూలకముగా నోటీసు ఇయ్యనిచో దావాకు దారి లేదు. రెండవది: ఎక్కువ పూచీకి ఎక్కువ రేటు ఇచ్చెదమని మనము ముందుగా ఒప్పుకొననిచో, రవాణాదారుని బాధ్యత బాడుగకు పది రెట్లను మించదు. మన బాడుగ నాలుగు వేలు. కావున వచ్చునది నలువది వేలు. గడువునకు కొలది దినముల ముందు రిజిస్టరు పోస్టున నోటీసు పంపి ఆ నలువది వేలు రాబట్టుకొంటిమి. తక్కిన 90,000 మాకు నష్టము.

ఆ పప్పు మూడు పల్లెల రైతులు మమ్ము నమ్మి అప్పుగా ఇచ్చిన కాయలనుండి తీసినది. వారు ఏ కాగితమును అడుగలేదు. వారికి పైసా తగ్గింపక చెల్లించుటకు మా ఇంటి ఆడవారి నగలు కుదువకు పోయినవి. సంతకము మాది, శిక్ష ఇంటివారికి పడెను. ఈ మాట సభలో చెప్పుటకు మాకు సిగ్గుగానే యున్నది. ఐనను మరియొక ఇంట అట్లు జరుగకుండుటకై చెప్పుచున్నాము.

ఇక ఆచరణకు వత్తము. మొదట, రవాణాదారునకు రిజిస్ట్రేషను ఉన్నదా యని అడుగవలెను. చట్టము ప్రకారము అది ఉండి తీరవలెను. చాల ఆఫీసులకు సొంత లారీలు ఉండవు. అడ్డాలో లారీని మాట్లాడి పంపుదురు. లారీ యెవరిదైనను, మనకు రసీదు ఇచ్చినవాడే మనకు జవాబుదారి. అతని అశ్రద్ధను మనము రుజువు చేయవలసిన పని కూడ లేదు. రెండవది, సరకు విలువను ఉన్నదున్నట్లు వ్రాయవలెను. తగ్గించి వ్రాసినచో పరిహారము ఆ తగ్గించిన విలువను దాటదు. మూడవది, రవాణా రసీదు వేరు, ఇన్షూరెన్సు వేరు. నేల మీద పోవు సరకునకు సైతము ‘మెరైన్’ అను పేరనే పాలసీ దొరకును. పేరు చూచి అది ఓడలకే యని విడువవలదు. నాలుగవది, హిందూపురము మనకు పొరుగూరే యైనను చట్టము దృష్టిలో పరరాష్ట్రము. పన్ను వర్తించు సరకు 50,000 రూపాయలు మించినచో 2018 ఏప్రిల్ 1 నుండి ఈ-వే బిల్లు ఉండవలెను. అది లేక లారీ ఆగిపోయినచో నిందింపవలసినది పొరుగు రాష్ట్రమును కాదు, మన అశ్రద్ధను.

పెద్దలు కొందరు, ‘ఇన్ని కాగితములు అడిగిన నమ్మకము చెడదా?’ యందురు. ఆహారమందును వ్యవహారమందును మొగమాటము పనికిరాదని మనవారే చెప్పిరి. కాగితము సరిగా నున్నచోట తగవు పుట్టదు. తగవు లేనిచోట నమ్మకము నిలుచును.

సంఘమునకు మాదొక మనవి. వాడుకలోనున్న రవాణా ఫారముల షరతులను తెలుగున వ్రాయించి మన కార్యాలయపు గోడకు తగిలింపవలెను. అయ్యగారి సంతకము కావలెనని గుమాస్తా వచ్చునప్పుడు ఇంటి ఆడవారు సైతము చదివి ప్రశ్నింపగలుగుదురు. రెండవ మనవి: చిన్న వర్తకులు ఐదారుగురు కూడి ఒకే రవాణాదారునితో ఏడాది ఒడంబడిక చేసికొన్నచో, విడివిడిగా దొరకని రేటును, పూచీని కలసి అడుగవచ్చును. ఊరినుండి గోడౌను వరకు సరకు చేర్చుటకు మన తాలూకా బండ్లనే పెట్టవలెనని ఆ ఒడంబడికలో వ్రాయింపుడు. లేనిచో మన పొదుపు మన ఊరి బండివాని నోటి కూడు తీయును.

మా దుకాణమున మా సంతకముతో కూడిన ఆనాటి రసీదును బల్ల మీది అద్దము క్రింద ఉంచితిమి. సరకు బుక్ చేయు ప్రతిసారి దానిని చూచిన పిదపనే కలము తీయుదుము. మీలో ఎవరైనను వచ్చి చూడవచ్చును.