మన కంప్యూటర్లపై నిర్ణయం ఎవరిది?

(మైనారిటీ విద్యా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి స్కాలర్‌షిప్పుల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఉర్దూ పాఠశాలల గురించి ఎంతో విలువైన చర్చ జరిగింది. వాటి సరసన మాకు అప్పగించిన విషయం చిన్నదిగా కనిపించవచ్చు. మన బస్తీల్లో నడుస్తున్న కంప్యూటర్ శిక్షణ కేంద్రాలలో విండోస్ ఉంచుకోవాలా, లేక లినక్స్ పెట్టుకోవాలా అన్నదే ఆ ప్రశ్న. అయితే స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపేది కంప్యూటర్‌లోనే, వక్ఫ్ దస్త్రం దాచేదీ కంప్యూటర్‌లోనే. అందుచేత ఆ యంత్రాన్ని నడిపించే వ్యవస్థ ఎవరి అధీనంలో ఉన్నదో తెలుసుకోవడం మన పనికి సంబంధించిన విషయమే.

ముందుగా కొత్తవారి కోసం ఒక్క మాట. కంప్యూటర్ స్విచ్ వేయగానే తెర మీద కనిపించి, మిగిలిన ప్రోగ్రాములన్నింటినీ నడిపించే మూల వ్యవస్థనే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మన ఇళ్లలోనూ కార్యాలయాలలోనూ అత్యధికంగా కనిపించే విండోస్ మైక్రోసాఫ్ట్ కంపెనీ సొత్తు. దాన్ని ఎలా తయారు చేశారో చూపే మూల రచన, అంటే సోర్స్ కోడ్, ఆ కంపెనీ వద్దనే ఉంటుంది. మనం కొనేది వస్తువు కాదు, షరతులకు లోబడి వాడుకునే అనుమతి మాత్రమే.

రెండవది వేరే మార్గంలో పుట్టింది. 1983 లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించారు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, దాన్ని విప్పి పరిశీలించడం, ఇతరులకు పంచడం, మార్చి మళ్లీ పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు వాడుకరికి ఉండాలన్నది ఆ పథకం మూలసూత్రం. 1991 లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ అనే కెర్నెల్‌ను రాసి లోకం ముందు పెట్టారు. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన వ్యవస్థనే నేడు మనం లినక్స్ అని పిలుస్తున్నాము. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి దాని రూపాలు. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లినక్స్ కెర్నెలే. కనుక లినక్స్ అంటే తెలియదని భయపడే వారిలో చాలామంది రోజంతా దాన్ని చేతిలో పట్టుకునే తిరుగుతున్నారు.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒకే మాట ఉన్నందున ఈ ఉద్యమం చాలాకాలం అపార్థానికి గురైంది. మనకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. లినక్స్‌కు సాధారణంగా డబ్బు చెల్లించనక్కరలేదన్నది నిజమే. అంతకన్నా ముఖ్యం, దాన్ని వాడుకునేవారికి హక్కులు ఉన్నాయన్నది.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు ముందుకు వచ్చింది? 2015 లో విడుదలైన విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14 తో ముగిసింది. పరిమిత కాలానికి పొడిగింపు పథకం ప్రకటించినప్పటికీ, అది గడువును కొంత వెనక్కి జరిపేదే తప్ప శాశ్వత పరిష్కారం కాదు. మద్దతు ఆగిన యంత్రం మరునాడే ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు అందదు. దాని తరువాతి విండోస్ 11 పెట్టుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, కంపెనీ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. సుమారుగా 2018 కి ముందు తయారైన యంత్రాలలో అత్యధికం ఆ జాబితాలో లేవు.

మన కేంద్రాలకు యంత్రాలు ఎక్కడి నుండి వస్తాయో మీకు తెలుసు. కార్యాలయాలు కొత్తవి కొనుక్కున్నప్పుడు పాతవాటిని దాతలు మనకు ఇప్పిస్తారు. మా బస్తీ కేంద్రంలోని పది యంత్రాలలో ఎనిమిది అలా వచ్చినవే. వాటి కీబోర్డులు పనిచేస్తున్నాయి, తెరలు వెలుగుతున్నాయి, పిల్లలు వాటి మీద నేర్చుకుంటున్నారు. అయినా దూరాన ఉన్న ఒక కంపెనీ వాటికి కాలం చెల్లిందని నిర్ణయించింది. కంపెనీకి దాని లెక్కలు ఉంటాయి, భద్రతా కారణాలూ ఉంటాయి. వాటిని మేము తప్పుపట్టడం లేదు. కానీ పేదవాడి యంత్రం ఆయుర్దాయాన్ని నిర్ణయించే అధికారం పేదవాడి చేతిలో లేదన్నది మాత్రం గుర్తించాలి. లినక్స్ మింట్ వంటి తేలికపాటి రూపం 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద కూడా సాఫీగా నడుస్తుంది. ఉబుంటు దీర్ఘకాలిక సంచికలకు ఐదేళ్లపాటు భద్రతా మరమ్మతులు ఉచితంగా లభిస్తాయి. మా ఎనిమిది యంత్రాలూ ఇప్పుడు లినక్స్ మీదనే నడుస్తున్నాయి.

ఇక్కడొక చేదు విషయం చెప్పక తప్పదు. చాలా కేంద్రాలలో, ఇళ్లలో ఉన్న విండోస్ కొన్నది కాదు. బజారులో ఎవరో కాపీ చేసి పెట్టినది. అది వేరొకరి సొత్తును అనుమతి లేకుండా వాడుకోవడం. అమానత్ గురించి పిల్లలకు బోధించే ప్రాంగణంలోనే అలా వాడితే ఆ బోధనకు విలువ ఉండదు. చట్టపరంగానూ అది ప్రమాదకరం. కాపీరైట్ చట్టం 1957 లోని 63-బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి ఏడు రోజుల నుండి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభాపేక్ష లేకుండా వాడిన సందర్భాలలో జైలు శిక్ష విధించకుండా ఉండే వెసులుబాటు న్యాయస్థానానికి ఉన్నది. కానీ మన సంస్థల మీద వేలెత్తి చూపే అవకాశం కోసం ఎదురుచూసే రోజుల్లో, మనమే దాన్ని చేతికి అందించడం ఎందుకు?

ఇంతవరకు ఒక పక్షమే చెప్పాము. తూకం వేయాలంటే రెండో తట్టనూ చూడాలి.

మన పిల్లలు కంప్యూటర్ నేర్చుకునేది ఉపాధి కోసం. దుకాణాల లెక్కలు రాసే చోట ట్యాలీ అడుగుతారు, అది విండోస్‌ కోసం తయారైనది. కార్యాలయాలలో ఎక్సెల్ వచ్చా అని అడుగుతారు. లినక్స్‌తో వచ్చే లిబ్రె ఆఫీసులో కూడికలు, సూత్రాలు దాదాపు అవే అయినా, ఎక్సెల్‌లో మాక్రోలతో కట్టిన పెద్ద ఫైళ్లు అన్నీ అందులో సరిగా పనిచేయవు. తెలుగు డీటీపీ చేసేవారికి అను లిపులు, ఉర్దూ డీటీపీ చేసేవారికి ఇన్‌పేజ్ అన్నం పెడుతున్నాయి. 1994 లో వచ్చిన ఇన్‌పేజ్ వలననే ఎన్నో ఉర్దూ పత్రికలు కాతిబుల కలం నుండి కంప్యూటర్ తెర మీదకు వచ్చాయి. అదీ విండోస్ కోసం చేసినదే. కొన్ని ప్రింటర్లకు, వేలిముద్ర యంత్రాలకు, డిజిటల్ సంతకాల పరికరాలకు లినక్స్‌లో ఇబ్బంది ఎదురవుతుంది. చూపు లేని సోదరులకు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే చక్కని ప్రోగ్రాము ఉన్నది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, అయినా నడిచేది విండోస్ మీద. లినక్స్‌కు ఓర్కా అనేది ఉన్నది, కానీ ఎన్‌వీడీఏకు అలవాటు పడిన వ్యక్తిని మన సిద్ధాంతం కోసం మార్చమనడం అన్యాయం.

అన్నింటికన్నా పెద్దది, సాయం చేసే మనిషి కొరత. విండోస్ చెడితే వీధి చివర మెకానిక్ ఉంటాడు. లినక్స్ చెడితే ఎవరిని పిలవాలి? లినక్స్‌కు ధర లేకపోవచ్చు, నేర్చుకునే శ్రమ మాత్రం ఉన్నది.

ఇతరుల అనుభవం ఏం చెబుతున్నది? జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003 లో లినక్స్‌కు మారాలని నిర్ణయించింది. పదేళ్లకు, 2013 నాటికి, సుమారు 15 వేల యంత్రాలను మార్చింది. 2017 లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని నగర మండలి తీర్మానించింది. 2020 లో కొత్త పాలక పక్షాలు సాధ్యమైనంత వరకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకుంటామని ఒప్పందంలో రాసుకున్నాయి. అంతటి సంపన్న నగరమే ఇలా ఊగిసలాడింది. పాలకులు మారినప్పుడల్లా నిర్ణయం మారితే ఏ వ్యవస్థా నిలబడదని దీని అర్థం.

మన పొరుగున కేరళ మరో పాఠం చెబుతున్నది. అక్కడ 2001 లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం కొన్నేళ్లకే పాఠశాలల బోధనను గ్నూ లినక్స్ మీదకు తెచ్చింది. ప్రభుత్వాలు మారినా అది కొనసాగింది. 2017 లో ఆ పథకమే కైట్ అనే సంస్థగా రూపొందింది. వారు చేసిన అసలు పని యంత్రాలలో డిస్కు పెట్టడం కాదు. ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, మలయాళంలో పాఠాలు తయారు చేశారు. ఒక సామాన్య ప్రభుత్వ బడి పిల్లవాడు చేయగలిగినది మన బస్తీ పిల్లవాడు చేయలేడని ఎవరూ అనలేరు.

అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతిగా ఉన్నప్పుడు 2003 మే నెలలో పుణెలో ఒక సాంకేతిక విద్యాసంస్థలో ప్రసంగిస్తూ, బిల్ గేట్స్‌తో తాము జరిపిన చర్చను ప్రస్తావించి, భారతదేశం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను పెద్ద ఎత్తున నిర్మించుకోవాలని పిలుపునిచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2015 లో తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. సీడాక్ సంస్థ తయారు చేసిన బాస్ లినక్స్ తెలుగు, ఉర్దూ సహా పలు భారతీయ భాషలలో లభిస్తున్నది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఈ కృషిని సాగిస్తున్నది. అంటే మనం ఒంటరిగా కొత్త దారి తొక్కడం లేదు.

ఇక దస్త్రాల సంగతి. జీవితకాలం ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాలుగా మాకు దీని మీద పట్టింపు ఎక్కువ. కాగితం మీద నూరేళ్ల క్రితం రాసిన వక్ఫ్‌నామాను నేటికీ చదవగలం. మేము పనిచేసిన ఒక కార్యాలయంలో ఇరవై ఏళ్ల క్రితం పాత తెలుగు లిపిలో టైపు చేసిన ఫైళ్లు తెరిస్తే తెర మీద గజిబిజి గుర్తులు తప్ప అక్షరం కనిపించలేదు. ఆ లిపి ప్రోగ్రాము పోయింది, దానితోపాటు దస్త్రమూ పోయింది. పాత అను ఫైళ్లకు, పాత ఇన్‌పేజ్ ఫైళ్లకు ఇదే ముప్పు ఉన్నది. యూనికోడ్‌లో రాసినది ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది. 2006 లోనే అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఓడీఎఫ్ రూపంలో దాచిన పత్రాన్ని ఏ ఒక్క కంపెనీ దయ మీదా ఆధారపడకుండా చదువుకోవచ్చు. నికాహ్ రిజిస్టర్లు, జకాత్ లెక్కలు, ఖబరస్తాన్ హద్దుల వివరాలు రేపు హక్కు నిరూపించుకోవలసి వచ్చినప్పుడు మనకు సాక్ష్యాలు. సాక్ష్యం పెట్టెలో ఉండి, తాళంచెవి ఇతరుల దగ్గర ఉంటే అది మన సాక్ష్యం ఎలా అవుతుంది?

కనుక విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా అన్న వాదనలో కాలం గడపవద్దని మా మనవి. ఏ పనికి ఏది అన్నదే ఆలోచించాలి. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, పరీక్షా ఫలితాలు, ధ్రువపత్రాల అర్జీలు, ఉత్తరప్రత్యుత్తరాలు, పిల్లల చదువు ఇవన్నీ చాలావరకు బ్రౌజర్‌తో జరిగే పనులు. వీటికి లినక్స్ చాలు. ట్యాలీ, ఇన్‌పేజ్, చూపు లేనివారి అవసరాలకు విండోస్ ఉండాలి, అదీ కొనుక్కున్నదై ఉండాలి. మా కేంద్రంలో మిగిలిన రెండు యంత్రాలు ఈ పనులకే కేటాయించాము.

గోప్యత గురించీ ఒక మాట. విండోస్ 11 హోమ్ సంచికను మామూలు పద్ధతిలో పెట్టుకోవాలంటే కంపెనీ ఖాతా, ఇంటర్నెట్ అవసరం. లినక్స్‌కు అలాంటి ఖాతా అక్కరలేదు. అయితే లినక్స్ పెట్టుకున్నంత మాత్రాన మనల్ని ఎవరూ గమనించరని అనుకోకూడదు. అవే వెబ్‌సైట్లు, అవే ఖాతాలు వాడినంత కాలం అక్కడి జాగ్రత్తలు అక్కడ పాటించవలసిందే.

చివరగా మీ ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాము. ఒకటి, ప్రతి కేంద్రమూ తన యంత్రాల జాబితా రాసి, దేనికి లైసెన్సు ఉన్నదో, దేనికి లేదో తేల్చుకోవాలి. లేని చోట కొనాలి, లేదా లినక్స్‌కు మార్చాలి. రెండు, మార్చే ముందు పత్రాలన్నింటికీ వేరే డిస్కులో నకలు తీసి, లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద నడిపి, ప్రింటరు పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. మూడు, కమిటీ దస్త్రాలన్నీ ఇకమీదట యూనికోడ్‌లోనే రాయాలి. పాతవాటిని ప్రోగ్రాములు పనిచేస్తుండగానే మార్చుకోవాలి. నాలుగు, ప్రతి మండలంలో ఇద్దరికి, వారిలో ఒకరు ఆడపిల్ల అయ్యేలా, లినక్స్ మరమ్మతులో శిక్షణ ఇప్పించాలి. నాలుగవది జరగకుంటే మొదటి మూడూ కాగితం మీదనే మిగిలిపోతాయి.

యువకులు, యువతులు ముందుకు వస్తే మా వంటి విశ్రాంత ఉద్యోగులం శిక్షణకు గది, యంత్రాలు, మా సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. రంజాన్ సెలవులలోపు మొదటి తరగతి మొదలు పెట్టగలమా అన్నది మీరు ఈ సభలోనే చెప్పాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.