నీటిని మరగనివ్వని యంత్రం

 

మన బనగానపల్లె పేరు మామిడిపండుతోపాటు భూగర్భశాస్త్ర గ్రంథాలకూ ఎక్కింది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలలను వర్ణిస్తూ, వజ్రాలు దొరికే ఇక్కడి రాతిపొరకు ఈ ఊరి పేరే పెట్టాడు. ఆ పొర పల్నాడులోనూ ఉంది. అక్కడ కొప్పునూరు దగ్గర యురేనియం బయటపడింది. మనకు దక్షిణాన, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. ఖనిజం మన కాళ్ల కిందే ఉంది. దానితో నడిచే అణు రియాక్టరు అనే యంత్రం గురించి మన భాషలో చదువుకోవడానికి ఉన్నది మాత్రం బహు తక్కువ. ఈ లోటు గురించే నాలుగు మాటలు చెబుతాను.

ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి పీడన జల రియాక్టర్లు. యురేనియం కేంద్రకాలు చీలినప్పుడు పుట్టే వేడిని నీరు తీసుకుపోతుంది. ఆ నీటిని వాతావరణ పీడనానికి సుమారు 155 రెట్ల ఒత్తిడిలో ఉంచుతారు కనుక 320 డిగ్రీల దగ్గర కూడా అది మరగదు. సన్నని గొట్టాల్లో పారుతూ, వాటి వెలుపలి నీటికి తన వేడినిస్తుంది. ఆవిరై టర్బైన్‌ను తిప్పేది ఈ రెండో నీరు. రెండూ కలవకుండా గొట్టం గోడే కాపలా. మొదటి నీటికి మరో పనీ ఉంది: న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించడం. వేడి పెరిగితే నీరు వ్యాకోచిస్తుంది, న్యూట్రాన్లు తగినంత నెమ్మదించవు, చీలికలు తగ్గుతాయి. ఉద్ధృతిని తనంతట తానే తగ్గించుకునే ఈ గుణమే ఆ నిర్మాణంలోని గొప్పతనం.

ఇది జలాంతర్గామి కోసం పుట్టిన యంత్రం. అమెరికా నౌకాదళ అధికారి రికోవర్ నాయకత్వంలో రూపొందిన నాటిలస్ అనే జలాంతర్గామి 1955 జనవరి 17న అణుశక్తితో కదిలింది. 1957లో అదే దేశంలోని షిప్పింగ్‌పోర్ట్ అణు విద్యుత్ కేంద్రం కరెంటు ఇచ్చింది. మన విశాఖలో కట్టిన అరిహంత్ జలాంతర్గామిలోనూ ఇదే జాతి రియాక్టరు 2013లో మేల్కొంది. విద్యుత్తుకు మాత్రం మన దేశం ప్రధానంగా వేరే దారి పట్టింది. ఒత్తిడిని తట్టుకునే బ్రహ్మాండమైన ఉక్కుపాత్ర, చీలే రకం పాలు పెంచిన యురేనియం అక్కరలేకుండా, వందలాది పీడన గొట్టాల్లో సహజ యురేనియాన్ని, భారజలాన్ని వాడుకుంది. ఆ భారజలంలో కొంత మణుగూరు నుంచి, ఇంధన కడ్డీల కట్టలు హైదరాబాదు నుంచి వెళ్తాయి. తుమ్మలపల్లె ఖనిజం చేరేది ఈ దారికే. కూడంకుళంలోని రష్యా రియాక్టర్లు పీడన జల రకం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టిన ఆరు ఏపీ-1000 రియాక్టర్లూ అవే.

ఇక పీడన జల రియాక్టరు బలహీనత. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, కేంద్రకాల చీలికల గొలుసు చర్య క్షణాల్లో ఆగింది. అయినా ఇంధనం కరిగింది. రియాక్టరు ఆగిన క్షణంలో కూడా పూర్తి శక్తిలో ఆరేడు శాతం వేడి మిగిలే ఉంటుంది. మూసుకోవలసిన కవాటం తెరుచుకునే ఉండి నీరు పోయింది; నీరు నిండుగా ఉందని పొరబడ్డ సిబ్బంది అత్యవసర నీటిని తగ్గించారు. అందుకే ఏపీ-1000లో రియాక్టరు భవనం పైన నీటి తొట్టి పెట్టారు. కరెంటు పోయినా, మనిషి చెయ్యి పెట్టకపోయినా, 72 గంటలు చల్లబరచాలన్నది దాని సంకల్పం.

ఖనిజం తవ్వే చోటా, రియాక్టరు తలపెట్టిన చోటా జనానికి సందేహాలున్నాయి. తుమ్మలపల్లె పరిసరాల రైతులు బోరునీళ్ల గురించి అడుగుతున్నారు. కొవ్వాడ మత్స్యకారులు సముద్రం గురించి అడుగుతున్నారు. వాళ్లను బెదరగొట్టే రాత వద్దు, జోకొట్టే రాతా వద్దు. వేడి ఎటు పోతుంది, నీరు ఎక్కడినుంచి వస్తుంది, వ్యర్థాలు ఎక్కడ ఉంటాయి అనే మూడు ప్రశ్నలకు లెక్కలతో జవాబు చెప్పే పుస్తకం కావాలి. దాన్ని రాయడానికి తెలుగు సైన్సు రచయితల ఈ సభలోనే ఒక బృందాన్ని ఏర్పాటు చేయాలని ప్రతిపాదిస్తున్నాను. రాతప్రతిని మొదట ఆ ఊళ్లలోనే చదివి వినిపిద్దాం. వాళ్లకు అర్థం కాని వాక్యాన్ని తిరగరాద్దాం. వాళ్లు అడిగి, మనం వదిలేసిన ప్రశ్న ఏదైనా ఉంటే, దానికి జవాబు చేర్చాకే అచ్చుకు పంపుదాం.