ఆవ గట్టున రెండు దినములు

"పక్షులను చూడబోవుటకు శ్రావణ మాసమా?" అని మిత్రులు నవ్విరి. దూరదేశముల బాతులు వచ్చునది శీతకాలమున. చూడవలసినవారు కార్తీకము మొదలు మాఘము వరకు పోవుట వాడుక. ఆ మాట నిజమే. అయినను మా దంపతులము వానలలోనే బయలుదేరితిమి. మాలో ఒకరికి పక్షులపై మక్కువ, ఒకరికి తామరపూలపై మక్కువ. రాబోవు శుక్రవారము వరలక్ష్మీ వ్రతము. రెండు కోరికలును ఒక్కచోట తీరు తావు విశాఖపట్టణమునకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున ఒకటి కలదు. అది కొండకర్ల ఆవ.

ఆవ యనగా పల్లమున నీరు నిలిచి, తుంగయు తామరయు పెరిగిన జలాశయము. రాష్ట్రమునందలి మంచినీటి సరస్సులలో కొల్లేటి తరువాత పెద్దది ఇదియే యని చెప్పుదురు. గాజువాక దాటి, ఉక్కు కర్మాగారపు పొగగొట్టములు వెనుకబడిన పిమ్మట, అచ్యుతాపురము దారిని పోయి దీనిని చేరవచ్చును. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఈ ప్రాంతము అనకాపల్లి జిల్లాలో చేరినది.

నగరవాసులమైన మనము బాడవ యనగానే ముక్కు మూసికొందుము. కాని విశాఖ రేవు పుట్టినదే బాడవలో. 1933లో ఓడలకు తెరువబడిన లోపలి రేవు, ఉప్పుటేటి బురదనేలలను త్రవ్వి లోతు చేయగా ఏర్పడినది. ఆ రేవు ఎన్ని కుటుంబములకో అన్నము పెట్టినది. దానిని తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. ఒక బాడవ రేవైనది, వేరొక బాడవ ఆవగానే మిగిలినది. రెంటి విలువయు ఎరిగిన ఊరు మనది కావలెనని మాత్రమే మా కోరిక.

గట్టునకు చేరువనున్న ఒక చిన్న విడిదిలో బస చేసితిమి. సాయంకాలము వాన వెలిసినది. వరండాలో కూర్చుండియే దుర్భిణి నెత్తితిమి. నత్తగొట్టు కొంగలు మోకాలిలోతు నీట నిలిచి ముక్కుతో బురదను వెదకుచుండెను. వాని ముక్కు మూసికొన్నను నడుమ సందుండును. నత్తను పట్టి, గుల్లనుండి మాంసమును లాగుటకు అట్టి ముక్కే అనువైనది. నీటికాకులు రెక్కలారవైచికొని మొద్దులపై నిలిచెను. నీల బొల్లికోళ్ళు తుంగలోనుండి తొంగిచూచి మరల దాగెను. రాత్రి కప్పల మోత నిద్రపట్టనీయలేదు. మా ఇంటి యొద్ద లారీల మోతకు మేలుకొనెడివారమే కనుక అదియు హాయిగానే యుండెను.

తెల్లవారకమునుపే దోనె యెక్కితిమి. రెండు తాటిమొద్దులను తొలిచి, జోడించి కట్టిన దోనె యది. నడుపువాడు వెనుక నిలుచుండి గెడ వేయును. కొంత దూరము పోగా తామరాకుల నడుమ ఒక పక్షి నడచుచు కనబడినది. ముదురు గోధుమవన్నె మేను, తెల్లని రెక్కలు, మెడ వెనుక పసుపుకాంతి, కొడవలివలె వంగిన పొడవాటి తోక. దీనిని ఆంగ్లమున జకానా అందురు. దాని వ్రేళ్ళు మిక్కిలి పొడవైనవి. దేహభారము పలుచోట్లకు పంచబడుటచే ఆకు మునుగదు. ఈ పొడవాటి తోక సంతానకాలమందే యుండును, శీతకాలమున రాలిపోవును. మేము వానలలో వచ్చుటకు కారణమిదియే.

ఇంతలో అది ఒకచోట ఆగి కూర్చుండెను. "గుడ్డెట్టింది బాబూ, అది మగది. ఆడది గుడ్లెట్టి ఎళ్ళిపోద్ది. పొదగడం, పిల్లల్ని సాకడం అంతా మగదే" అని దోనెవాడు మెల్లగా పలికెను. శాస్త్రజ్ఞులు వ్రాసినదియు అదియే. ఆడుపక్షి పెద్దది, ఒక ఋతువులో పలువురు మగపక్షులకు గుడ్లు పెట్టి యిచ్చును. ఒక్కొక్క గూటిలో సామాన్యముగా నాలుగు గుడ్లుండును.

అప్పుడు మాలో పక్షులపై మక్కువ గలవారే "ఇంకొక బారెడు పోనిమ్ము, ఫోటో తీసికొందుము" అనిరి. దోనె కదలినది. పక్షి దిగ్గున లేచి, పిల్లికూతవంటి అరపుతో ఎగిరిపోయెను. గూడు బయటపడినది. గట్టుమీది తాటిచెట్టుపై కాకి యొకటి కూర్చుండియుండెను. ఆ గూటి చుట్టునే ఆవలో కెల్ల మంచి పూలు విచ్చియున్నవి. అయినను పూలపై మక్కువ గలవారు "పూలు వలదు, ఫోటో వలదు, వెనుకకు మరలింపుము" అనిరి.

వెనుకకు వచ్చి తుంగచాటున నిలిచితిమి. గడియారము చూచుచుంటిమి. మూడు నిమిషములు గడచెను, ఐదు గడచెను. కాకి ఒకమారు లేచి గూటివైపు సాగెను. మా నోట మాట రాలేదు. దోనెవాడు గెడతో నీటిని చఱచెను, అది మరలిపోయెను. పదునొకండవ నిమిషమున మగపక్షి ఆకులపై అడుగులు వేయుచు వచ్చి గుడ్లపై కూర్చుండెను. అంతవరకు మేము దోషులమై నిలిచియుంటిమి. ప్రేమతో వచ్చినవారే కీడు చేయగలరని ఆ ఉదయమున తెలిసినది.

"పూలు కోసేవాళ్ళం మేమూ అటేపు ఎళ్ళమమ్మా. ఆవ ఉంటేనే కదా మాకు కూడు" అనెను దోనెవాడు. ఈ మాటలోనే అంతయు ఉన్నది. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. అయినను చేపల చెరువుల గట్లు దానిని ఆక్రమింపగా, 2006లో ప్రభుత్వమే వానిని పగులగొట్టించినది. అప్పుడు జీవనము కోల్పోయినవారి దుఃఖము చిన్నది కాదు. ఆక్రమణ జరిగిన పిమ్మట గట్టు త్రెంచుటకంటె, జరుగకముందే హద్దు నిలుపుట పక్షికిని మనిషికిని మేలు.

చూడబోవువారికి మాదొక మనవి. ముదురురంగు బట్టలు కట్టుకొనుడు, గొంతు తగ్గించి మాటలాడుడు, గూటిదరికి పోకుడు. సలీం అలీ 1941లో ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథము నేటికిని చక్కని తోడు. 1987 నుండి జనవరి మాసమున ఆసియా దేశములలో నీటిపక్షుల గణన జరుగుచున్నది. ఆసక్తిగల గృహస్థులును అందు పాల్గొనవచ్చును.

గురువారము సాయంకాలము ఇల్లు చేరితిమి. దోనెవాడు గట్టువైపున కోసి యిచ్చిన పూలు ఐదే; రెండింటి రేకులు అప్పటికే వాడినవి. శుక్రవారము కలశము ముందు వానినే ఉంచితిమి. పేరంటమునకు వచ్చిన పొరుగింటి ముత్తయిదువ "ఇంత దూరము పోయి ఐదు పూలేనా తెచ్చితిరి?" అని అడిగెను. తాంబూలమిచ్చి, కూర్చుండబెట్టి, మిగిలిన పూలు ఎచ్చట నున్నవో, వాని నడుమ ఎవరు కూర్చుండియున్నారో చెప్పితిమి. వచ్చే శ్రావణమున ఆమెయు మాతో వచ్చునట.