నెల తప్పక ముందే చెప్పవలసిన మాటలు

(ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల తనిఖీ పూర్తయింది. బోనసు సంగతి కార్యదర్శిగారు చెప్పారు. మిగిలిన పది నిమిషాలు నాకు ఇచ్చారు కనుక, మన రిజిస్టర్లలో కనిపించని ఒక విషయం మనవి చేస్తాను. నేను డాక్టరును కాను. సహకార డిప్లొమా చదివి, ముప్పై ఏళ్ళుగా సంఘాల పుస్తకాలు చూస్తున్నవాణ్ణి. అయినా ఈ మాట చెప్పవలసిన బాకీ నాకొకటి ఉంది.

గేదెకు సూది వేయించే ముందు మనం ఏం చేస్తాం? దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలుపుతాం. పురుగుల మందు తాగిస్తాం. పచ్చిమేత వేస్తాం. ఒంట్లో సత్తువ లేకపోతే చూడి నిలవదని మనందరికీ తెలుసు. మరి మన ఇంటి కోడలి విషయంలో? నెల తప్పే దాకా ఎవరమూ ఏమీ అడగం. ఆడపడుచులు నన్ను మన్నించాలి. పశువుతో పోల్చాలని కాదు, పశువుకు చూపే శ్రద్ధ కూడా మనిషికి చూపడం లేదని చెప్పాలనే నా బాధ.

ఇది మా ఇంట్లోనే జరిగింది. ఊరూరా తిరిగి ఖనిజ లవణాల గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. మా పెరట్లో రెండు గేదెలు ఉండేవి. పాలన్నీ కేంద్రానికి పోయేవి. కోడలు తెల్లవారుజామున టీ నీళ్ళు తాగి పనిలో పడేది, అందరూ తిన్నాక మిగిలింది తినేది. మూడో నెలలో ఆస్పత్రికి తీసుకువెళితే రక్తం ఏడు గ్రాములే ఉందన్నారు. ఐదో నెల స్కానింగులో బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోలేదని తేలింది. ఆ బిడ్డ మాకు దక్కలేదు. ఫలానాదే కారణమని డాక్టరమ్మ అనలేదు. "పిల్లలు కావాలనుకున్నప్పుడే ఒకసారి ఎందుకు రాలేదు?" అని మాత్రం అడిగింది. ఇంట్లో వాళ్ళు కోడలిని అన్నారు. తప్పు ఆ అమ్మాయిది కాదు. చెప్పవలసిన పెద్దలం మేము చెప్పలేదు.

డాక్టరమ్మ ఆనాడు ఒక లెక్క చెప్పింది. బిడ్డ మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం గర్భం ఏర్పడిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. నెల తప్పేసరికి అందులో సగం రోజులు అయిపోతాయి. పది పదిహేను రోజులు చూసి, అత్తగారికి చెప్పి, మంచిరోజు చూసి ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆ పని పూర్తయిపోతుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచే మొదలుపెట్టి మూడో నెల నిండే దాకా వేసుకోవాలి. ఇలాంటి బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులకు ఎక్కువ మోతాదు ఇచ్చి బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారు చేయించిన పరీక్షల ఫలితం 1991లో వెలువడింది. మళ్ళీ అదే లోపం రావడం 72 శాతం తగ్గింది. అటువంటి తల్లులు డాక్టరు చెప్పిన మోతాదే వాడాలి.

రెండో సంగతి రక్తం. గర్భం లేని స్త్రీకి 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ పథకం కింద, గర్భం లేని 20–49 ఏళ్ళ స్త్రీలకు వారానికొక ఇనుము మాత్ర ఇవ్వాలని నిర్ణయించారు. ఆ మాత్రను టీతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. షుగరు, బి.పి., మూర్ఛ ఉన్నవారు ముందుగానే డాక్టరును కలవాలి. కొన్ని మూర్ఛ మందులు బిడ్డకు హాని చేస్తాయి, అలాగని సొంతంగా మానేయకూడదు. ఒక కాన్పు తర్వాత కనీసం రెండేళ్ళు ఆగాలి.

మూడోది మన వృత్తికి సంబంధించినది. ఈసుకుపోయిన గేదె మాయను, దూడను ఉత్త చేతులతో తీయకండి. బ్రూసెల్లా అనే వ్యాధి మనుషులకూ వస్తుంది, గర్భిణికి గర్భస్రావం కావచ్చు. పిల్లలు కావాలనుకుంటున్న ఆడవారిని, గర్భిణులను ఆ పనికి దించవద్దు. పచ్చిపాలు తాగవద్దు, కాచి తాగండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకు టీకా వేయించండి.

మగవారికి కూడా ఒక మాట. బీడీ, గుట్కా, కల్లు, సారా ఆమె ఒక్కతే మానేస్తే చాలదు. మీరు తాగే బీడీ పొగ ఆమెకు కూడా తగులుతుంది. మీ బీజానికీ పొగాకు చెరుపే.

ఇక ఈ మాటలు ఎలా చెప్పాలి? గద్దించి చెబితే ఎవరూ వినరు. "నువ్వు సరిగా తినవు" అంటే ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. "నీకేం కావాలమ్మా?" అని అడగండి. పిల్లలు ఇప్పుడే కావాలా, కొన్నాళ్ళాగాలా అన్నది ఆ దంపతుల ఇష్టం. అత్తగారిని కూర్చోబెట్టుకుని చెప్పండి, భర్తను ఆస్పత్రికి వెంట పంపండి. అన్నీ చేసినా ఒక్కోసారి నష్టం జరుగుతుంది. అప్పుడు తల్లిని నిందించకండి.

సంఘం చేయగలిగిన పనులు రెండు ఉన్నాయి. ఒకటి, బట్వాడా రోజున ఆడవారు ఎలాగూ కేంద్రానికి వస్తారు. ఆ రోజున ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను పిలిచి ఒక గంట మాట్లాడించండి. రెండు, ప్రతి సభ్యుడూ ఉదయం పాలు పోయడానికి ముందు ఒక గ్లాసు పాలు ఇంట్లో ఉంచాలి. ఆ గ్లాసు కోడలికే అందాలి. పాసుపుస్తకంలో ఆ మేరకు తగ్గుతుంది. తగ్గనివ్వండి.

రెండోసారి మా కోడలు, అబ్బాయి మూడు నెలల ముందే వెళ్ళి డాక్టరమ్మను కలిశారు. ఇప్పుడు మనుమరాలికి నాలుగేళ్ళు. పొద్దున్నే పాలకోసం పెరట్లో గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. ఆ మొదటి బిడ్డ ఉంటే ఏడేళ్ళు ఉండేవి. నా బాకీ అదే. మీ ఇళ్ళల్లో ఇటువంటి బాకీ మిగలకూడదని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.