మన పిల్లలకు చదువు అబ్బదా?
(విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



"మా వంశంలోనే చదువు లేదు, వీడికెక్కడ అబ్బుతుంది?" అంటూ పిల్లవాణ్ణి బడి మాన్పించి మెకానిక్ షెడ్డుకు పంపే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. ఆ మాటలోని నిజానిజాలను నేడు విచారిద్దాం.

తెలివితేటలలో జన్యువుల పాత్ర ఉన్నది. కవలలపై జరిగిన అధ్యయనాలు దానిని నిరూపించాయి. అయితే తెలివికి ఏదో ఒక జన్యువు కారణం కాదు. వేలాది జన్యుభేదాలు, ఒక్కొక్కటి అత్యల్పంగా, ప్రభావం చూపుతాయి. పైగా వంశపారంపర్యమైనదంతా మార్పులేనిది కాదు. మనిషి ఎత్తు చాలావరకు వంశపారంపర్యమే. అయినా ఒకే జాతికి చెందిన కొరియన్లలో దక్షిణ కొరియావారు ఉత్తర కొరియావారికంటే పొడవుగా ఎదిగారు. కారణం రక్తం కాదు, ఆహారం.

ఈ తేడాను విస్మరిస్తే ఎంత అన్యాయం జరుగుతుందో అమెరికా చరిత్ర చెబుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ 17 లక్షలమందికి పైగా సైనికులకు బుద్ధి పరీక్షలు జరిపారు. వాటిలో అమెరికా జనజీవనం తెలిసినవారికే అర్థమయ్యే ప్రశ్నలుండేవి. ఆ ఫలితాల ఆధారంగా కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వవేత్త 1923లో దక్షిణ, తూర్పు ఐరోపావారు పుట్టుకతోనే మందమతులని తీర్మానించాడు. అమెరికాలో ఎక్కువకాలం నివసించిన వలసదారులకు ఎక్కువ మార్కులు వచ్చాయన్న సంగతి ఆయన లెక్కల్లోనే ఉంది. అయినా దానిని పరిసరాల ప్రభావంగా ఆయన అంగీకరించలేదు. మరుసటి ఏడాదే ఆ ప్రాంతాల వలసలను తీవ్రంగా కుదించే చట్టం వచ్చింది. 1930లో బ్రిగమ్ తన తీర్మానాలు నిరాధారమని ఒప్పుకున్నాడు. కాని మూసిన తలుపులు తెరుచుకోలేదు.

ఇక మన సంగతి. 6-14 ఏళ్ల ముస్లిం బాలల్లో నూటికి 25 మంది బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ తెలిపింది. బడికే చేరని బిడ్డ బుద్ధిని ఏ కొలబద్దతో కొలుస్తారు? పేటలో ఉన్నత పాఠశాల, బోధించే ఉపాధ్యాయుడు, సకాలంలో ఉపకారవేతనం మన హక్కులు. వాటిని ప్రభుత్వాన్ని అడుగుదాం. అంతకుముందు, బిడ్డ భవిష్యత్తుపై మనమే తీర్పు చెప్పడం మానుకుందాం.