పసిపిల్లల బడిలో ఒక వారము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్డు వేయించిన పంచాయతీ పేరును ఊరివారు చాలకాలము చెప్పుకొందురు. నీళ్ల ట్యాంకు కట్టించినచో ఆ పేరు ట్యాంకు గోడ మీదనే యుండును. నేడు మీ ముందు నేను ప్రస్తావించునది శిలాఫలకమునకు ఎక్కు పని కాదు. అయినను రానున్న ఇరువది ముప్పది సంవత్సరములలో మీ గ్రామపు మంచిచెడ్డలు చాలవరకు దాని మీద ఆధారపడి యున్నవి. అది మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల పసిపిల్లలు చదువుకొను బడి. మనము దానిని అంగన్‌వాడీ యనుచున్నాము.

ఇది అన్నము పెట్టు కేంద్రము మాత్రమేనని పలువురు తలంతురు. చట్టము అట్లు తలంపలేదు. మూడేండ్లు దాటిన పిల్లలను ప్రాథమిక విద్యకు సంసిద్ధులను చేయుటకై ప్రభుత్వము ఉచితముగా పూర్వ ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయవచ్చునని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 11వ సెక్షనులో కలదు. 2020 నాటి జాతీయ విద్యా విధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు గల వయస్సును ఒకే పునాది దశగా పరిగణించినది. మెదడు ఎదుగుదలలో నూటికి 85 పాళ్లకు మించి ఆరేండ్ల లోపుననే జరుగునని ఆ విధాన పత్రము చెప్పుచున్నది. పునాది తీయునాడు మేస్త్రీ రాకున్న, తరువాత గోడకు ఎంత సున్నము కొట్టినను ఫలమేమి?

అంగన్‌వాడీ యను పేరులోనే ఒక చరిత్ర యున్నది. గిజుభాయి బధేకా న్యాయవాద వృత్తిని విడిచి, 1920లో గుజరాతులోని భావనగరమున బాలమందిరమును నెలకొల్పెను. బెత్తము లేకుండ, ఆటపాటలతో, కథలతో పసివారికి విద్య గరపుట ఆయన మార్గము. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ తరువాత మహారాష్ట్రమునకు వెళ్లి, బోర్డీలోను కోస్బాడులోను గిరిజనుల బిడ్డల నడుమ కృషి చేసెను. పిల్లలు బడికి రాలేదు. అందుచేత ఆమె బడినే వారి ఇండ్ల ముంగిటికి తీసికొని పోయెను. అంగణమనగా ముంగిలి. ముంగిట నడచు బడి గనుక అది అంగన్‌వాడీ యైనది. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమైన పిమ్మట ఆ పేరు దేశమంతట వ్యాపించినది.

ఈ బడి మీద గ్రామములలో వినవచ్చు ఫిర్యాదు ఒక్కటే: “అచ్చట ఆటలే గాని చదువు లేదు.” ఈ మాట విని తల్లిదండ్రులు మూడేండ్ల బిడ్డను తెల్లవారకముందే లేపి, కునికిపాట్లు పడుచుండగనే వ్యానెక్కించి, పొరుగూరి ప్రైవేటు బడికి పంపుచున్నారు. అచ్చట ఆ బిడ్డచేత అక్షరములు దిద్దించి, ఇంటికి పని ఇచ్చి పంపుదురు. పలక నిండుటను చూచి తండ్రి సంతసించును. ఇచ్చట అంగన్‌వాడీలో హాజరు తగ్గును. హాజరు తగ్గిన బడిని గూర్చి పంచాయతీ పట్టించుకొనదు. చివరకు వ్యానుకు డబ్బు కట్టలేని కూలివాని బిడ్డకు చదువు అందదు, ఆటయు అందదు. కావున ఆ ఆటలో చదువు ఉన్నదో లేదో మనము తేల్చుకొనవలసి యున్నది. అందులకై ఈ బడిలో ఒక వారము ఎట్లు గడువవలెనో చూతము.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో ‘ఆధారశిల’ యను పాఠ్య ప్రణాళికను వెలువరించినది. దానిలో వారమును ఐదు దినములు, మీద ఒక దినము అను లెక్కన విభజించిరి. ప్రతిదినము మొదట అరగంట పిల్లలు తమ ఇచ్ఛ వచ్చినట్లు ఆడుకొందురు. తరువాత కార్యకర్త ఏర్పరచిన ఒక పని చేయుదురు. అటుపిమ్మట భోజనము, విశ్రాంతి. తుదకు ఒక గంట ఆరుబయట ఆట. ఈ చట్రములో మన పల్లెల బడి తన వారమును ఈ విధముగా నింపుకొనవచ్చును.

సోమవారము మాటల దినము. కార్యకర్త ఒక కథ చెప్పి, నడుమ ఆపి, “తరువాత కుందేలు ఏమి చేసి యుండును?” అని అడుగును. ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క విధముగా చెప్పును. ఇంటిలో లంబాడీ, కోయ వంటి భాష మాట్లాడు బిడ్డ తన మాటలోనే చెప్పును; కార్యకర్త ఆ మాటను తెలుగు మాటతో జతపరచును. నోట మాటల సంపద పెరిగిన బిడ్డకు రేపు పుస్తకములోని మాట పరాయిది కాదు. సాయంకాలము కండ్లగంతల ఆట. కండ్లు మూసికొని, చప్పుడును బట్టి తోడివానిని గుర్తించుట చెవికి మంచి శిక్షణ. ‘త’కును ‘ద’కును గల భేదమును పట్టవలసినది ఆ చెవియే గదా.

మంగళవారము లెక్కల దినము. చింతపిక్కలు, గవ్వలు, గులకరాళ్లు ఈ దినపు పాఠ్య పుస్తకములు. పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప. నల్లవి ఒకచోట, తెల్లవి ఒకచోట. ఐదేండ్ల పిల్లలు వామనగుంటలాడుచు గుంటకొక పిక్క చొప్పున పంచుకొని పోవుదురు. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క సంఖ్య యను మొదటి గణిత సూత్రము ఆ వ్రేళ్లలో ఉన్నది. నూరువరకు అంకెలు వల్లించు బిడ్డను “నాలుగు పిక్కలు తెమ్మ”నిన ఒక్కొక్కప్పుడు పిడికెడు తెచ్చును. అది వల్లింపు మాత్రమే. నాలుగే తెచ్చిన బిడ్డకు లెక్క వచ్చినట్లు. ఇచ్చట ఒక హెచ్చరిక. చిన్నపిల్లలు పిక్కలను నోటిలో, ముక్కులో, చెవిలో పెట్టుకొందురు. కావున ఆ ఆట జరుగునంతసేపు కార్యకర్త గాని ఆయమ్మ గాని వారి ప్రక్కనే కూర్చుండవలెను.

బుధవారము చేతిపనుల దినము. మట్టితో బొమ్మలు చేయుట, కాగితము చింపి అంటించుట, పూలు గ్రుచ్చుట, నేల మీద ముగ్గు దిద్దుట, ఇసుకలో గీతలు గీయుట. మూడేండ్ల బిడ్డ మణికట్టు, వ్రేళ్లు ఇంకను గట్టిపడలేదు. ఆ చేతికి పెన్సిలు బలవంతముగా ఇచ్చినచో బిగించి పట్టుకొని, అలసి, వ్రాతయన్ననే విసుగు చెందును. పిండి పిసికి, మట్టి నొక్కి, దారములో పూవు గ్రుచ్చిన వ్రేళ్లు తమంతట తామే వ్రాతకు సిద్ధమగును. కాడి మెడకెత్తుటకు ముందు కోడెను కొంతకాలము తిరుగనిత్తుము గదా! కోడె విషయములో మనకున్న ఓర్పు బిడ్డ విషయములో ఏల లేకుండవలెను?

గురువారము పరిసరముల దినము. పిల్లలు వరుసగా ఒకరి చేయి ఒకరు పట్టుకొని ఊరిచెట్టు వరకు నడచిపోవుదురు. వేపాకును, రావియాకును ప్రక్క ప్రక్కన పెట్టి చూతురు. ఏది గరుకు, ఏది నునుపు, ఏది చేదు అని తెలిసికొందురు. కుమ్మరి ఇంటనో, వడ్రంగి ఇంటనో కొంతసేపు నిలుతురు. తిరిగి వచ్చి తాము చూచినదానిని చెప్పుదురు. సాయంకాలము నేల మీద గీచిన గీత వెంబడి నడక, ఒంటికాలి గెంతు, బంతి విసరుట, పట్టుట. కన్ను, చేయి, కాలు ఒక్కటిగా పనిచేయుట ఇందువలన అలవడును.

శుక్రవారము కలసిమెలసి యుండుట నేర్చు దినము. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, బొమ్మల పెండ్లి, సంత ఆట. సంత ఆటలో ఒకడు అమ్మును, ఒకతె బేరమాడును, ఇంకొకడు తన వంతు వచ్చువరకు నిలిచి యుండును. వంతు కొరకు నిలుచుట చిన్న విషయము కాదు. పెద్దలమైన మనలోనే అది రానివారు పలువురున్నారు. నడువలేని బిడ్డ యున్నచో అతనిని కొట్టు యజమానిగా కూర్చుండబెట్టవచ్చును. అన్ని వాడల పిల్లలు ఒకే వలయములో చేయి చేయి పట్టుకొందురు. ఆ వలయమునకు వెలుపల ఏ బిడ్డయు మిగులకుండ చూచుట ఆ దినపు అసలు పాఠము.

శనివారము ఐదు దినముల పనిని మరల తలచుకొను దినము కావచ్చును. ఊరిలోని ఒక అవ్వను పిలిచి కథ చెప్పించవచ్చును. తల్లిదండ్రులు వచ్చి, బిడ్డలు చేసిన మట్టి బొమ్మలను చూడవచ్చును. తరువాత చిన్న చిన్న పందెములు. ఈ వయస్సున మొదటి బహుమానము, రెండవ బహుమానము అని పిల్లలను విడదీయుట వలదు. పరుగెత్తిన ప్రతి బిడ్డకు ఒక జామపండు చాలును.

ఈ ఆరు దినములకును భోజనము తోడుగా నుండవలెను. జాతీయ ఆహార భద్రతా చట్టము 2013లో వచ్చినప్పుడు ఈ వయస్సు బిడ్డకు ఉదయపు అల్పాహారము, వేడి భోజనము కలిపి దినమునకు 500 కెలోరీల శక్తియు, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులును అందవలెనని నిర్ణయించినది. ఆకలితో నున్న బిడ్డ కథ వినడు, ఆట ఆడడు. అన్నమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుటయు ఒక పాఠమే.

సోదరులారా, సోదరీమణులారా, ఇంతవరకు చెప్పినదంతయు కార్యకర్త పని. ఇక మీ పని యేమి? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో 17వ అంశము ప్రాథమిక విద్య చేరియున్న విద్య. 25వ అంశము మహిళా శిశు అభివృద్ధి. ఈ రెండును పంచాయతీలకు అప్పగింపదగిన అంశములు. అందుచేత “అది వేరొక శాఖవారి పని” యని చేతులు ముడుచుకొనుట మీకు తగదు.

మొదటిది ముంగిలి. వారమంతయు మనము చూచిన ఆటలలో సగము ఆరుబయటివే. అద్దెకు తీసికొనిన ఒంటిగదిలో, వీధి అంచున, ముంగిలి లేని అంగన్‌వాడీ ఎట్లు నడచును? గ్రామములో ప్రభుత్వ స్థలము ఎచ్చట నున్నదో చూచి, తీర్మానము చేసి, కొలిపించి, హద్దురాళ్లు వేయించవలెను. ఉన్న ముంగిలిలో గడ్డివాములు, ఇటుకల కుప్పలు, పాత బండ్లు చేరనీయరాదు. ఆక్రమణ ఒక మూరతో మొదలగును. ఊరకున్నచో నాలుగేండ్లలో ఆటస్థలము కాగితములోనే మిగులును.

రెండవది క్షేమము. మూతలేని గుంటలు, నీటి తొట్లు, వ్రేలాడు కరెంటు తీగలు, ముండ్ల కంపలు బడి చుట్టుప్రక్కల ఉండరాదు. దడియో, ప్రహరియో ఉండవలెను. ఒక వేపచెట్టు, ఒక బండి ఇసుక, త్రాగునీరు, పిల్లల కొలతకు తగిన మరుగుదొడ్డి ఉన్న చాలును. వీనికి లక్షలు అక్కరలేదు.

మూడవది కాలము. బడి వేళలో ఆ గదిని సభలకు, సామాను నిలువకు అడుగకుడు. పిల్లల పాఠము నడచుచుండగా కార్యకర్తను జాబితాలు వ్రాయుటకు, జనమును పిలుచుటకు పంపకుడు. ఆమె లేని గంట పిల్లలకు పాఠము లేని గంట.

నాలుగవది విచారణ. మీరు బడికి వెళ్లినప్పుడు “ఎన్ని అక్షరములు వచ్చినవి?” అని అడుగుట మానుడు. అట్లడుగుట వలననే కార్యకర్త ఆటలు మాని పలకలు పట్టించును. ఈ దినము పిల్లలు ఏ కథ వినిరి? ఎంతసేపు ఆరుబయట ఆడిరి? రాని బిడ్డ యెవరు, ఏల రాలేదు? అందరు బిడ్డలు నోరు విప్పి మాట్లాడుచున్నారా? వేసవి సెలవుల తరువాత ఒకటవ తరగతిలో చేరవలసిన వారెందరు, ఆ తరగతి ఉపాధ్యాయునికి వారి పేర్లు తెలియునా? ఈ ఐదు ప్రశ్నలు చాలును. గ్రామసభలో వీనికి సమాధానములు చదివించినచో తల్లిదండ్రులకును ఈ బడి విలువ తెలియవచ్చును.

చదువు ఎప్పుడు మొదలగునని అడుగు తల్లికి మీరు ధైర్యముగా చెప్పుడు: “అమ్మా, నీ బిడ్డ పిక్కలు పంచుచున్నది, లెక్క నేర్చుచున్నది. మట్టి పిసుకుచున్నది, వ్రాతకు చేయి సాగుచున్నది. కథకు మారుపలుకుచున్నది, చదువుటకు మాట కూడుచున్నది.” ఈ మాట సర్పంచి నోట వచ్చినచో దానికి కలుగు విలువ వేరు.

పంట వేయు కాలము దాటిన పిదప విత్తినచో ఏమగునో రైతులైన మీకు నేను చెప్పనక్కరలేదు. ఆరేండ్లు నిండిన బిడ్డకు ఈ మూడేండ్లను మరల తెచ్చి యిచ్చు పథకము ఏ ప్రభుత్వము వద్దను లేదు. మీ పదవీకాలము ఐదేండ్లు. ఆ ఐదేండ్లలో మీ గ్రామపు పసివారిలో ఒక తరము ఈ బడిలో చేరి, దాటి పోవును. వచ్చు సోమవారము నాడు మీలో ప్రతి ఒక్కరు మీ మీ వార్డులోని అంగన్‌వాడీకి వెళ్లి, ఒక గంట కూర్చుండి, పిల్లల ఆట చూచి, ముంగిలిని ఒకసారి కాలినడకన చుట్టి రండని కోరుచు సెలవు గైకొనుచున్నాను.